పాలు చాలడం లేదా? చంటిబిడ్డకు పాలిచ్చేటప్పుడు వచ్చే ఇబ్బందులు, చేయాల్సినవి

బిడ్డ పుట్టిన రెండో రోజో మూడో రోజో చాలా ఇళ్లలో ఒక మాట మొదలవుతుంది: "తల్లికి పాలు పడలేదు." బిడ్డ ఏడుస్తుంటాడు. చూడటానికి వచ్చినవాళ్లు తలా ఒక సలహా ఇస్తారు. సాయంత్రానికి డబ్బా పాలు ఇంట్లోకి వచ్చేస్తాయి. వారం తిరిగేసరికి తల్లికి నిజంగానే పాలు తగ్గిపోతాయి.

పాలు లేవన్నది చాలాసార్లు అనుమానమే. తగిన సాయం దొరికితే ఎక్కువ మంది తల్లులు తమ బిడ్డకు చాలినన్ని పాలు ఇవ్వగలరు. కొద్దిమందికి మాత్రం నిజంగానే పాలు తక్కువ ఉంటాయి. ఇద్దరికీ పనికొచ్చేది ఒక్కటే, ముందు లెక్క చూసుకోవడం. బిడ్డ ఎన్నిసార్లు మూత్రం పోస్తున్నాడు, బరువు ఎంత పెరుగుతున్నాడు, రొమ్మును ఎలా పట్టుకుంటున్నాడు? ఈ మూడూ చూశాకే డబ్బా గురించి ఆలోచించాలి.

పుట్టిన గంటలోపు పాలు మొదలుపెట్టాలని, ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, ఆ తర్వాత ఇంటి తిండితో పాటు రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెబుతున్నాయి. రెండేళ్ల మాట మన ఇళ్లకు కొత్త కాదు. దివ్య ఖుర్ఆన్ సూరా బఖరా 233వ ఆయత్‌లో పూర్తి కాలం పాలివ్వాలనుకునే తల్లులకు రెండు పూర్తి సంవత్సరాలు అని ఉంది.

మొదటి వారంలో పాలు ఎలా వస్తాయి?

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. ఇవి చిక్కగా, పసుపు రంగులో, చాలా కొంచెంగా ఉంటాయి. కొంచెమే వస్తున్నాయని భయపడొద్దు. మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది ఒకటి రెండు చెంచాలే. రోగాలను ఎదుర్కొనే శక్తి ముర్రుపాలలో ఎక్కువ కాబట్టి "పాత పాలు" అని పిండి పారేయకూడదు.

అసలు పాలు సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు దిగుతాయి. సిజేరియన్ అయినవాళ్లకు, మొదటి కాన్పువాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. ఎంత తరచుగా బిడ్డ చీకితే, ఎంత బాగా రొమ్ము ఖాళీ అయితే అంత పాలు తయారవుతాయి. బిడ్డకు డబ్బా పాలు పట్టి రొమ్ముకు విరామం ఇస్తే, ఈ పాలు అక్కర్లేదని శరీరం అనుకుంటుంది. పాలు తగ్గడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

బిడ్డకు చాలుతున్నాయని ఎలా తెలుస్తుంది?

ఏడుపును బట్టి చెప్పలేం. బిడ్డ ఆకలికే కాదు, వేడికి, చలికి, తడి గుడ్డకు, ఎత్తుకోవాలని కూడా ఏడుస్తాడు. రొమ్ము మెత్తగా ఉందని, పిండితే రావడం లేదని, డబ్బా ఇస్తే గటగట తాగాడని పాలు లేవనుకోకూడదు. నోట్లో పెడితే నిండు కడుపుతో ఉన్న బిడ్డ కూడా చీకుతాడు. ఈ గుర్తులు చూడండి:

• మూత్రం: మొదటి రోజు కనీసం ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు. ఐదారు రోజులు దాటాక రోజుకు ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ. రంగు లేకుండా లేదా లేత పసుపుగా ఉండాలి.

• విరేచనం: మొదట నల్లగా తారులా ఉంటుంది. మూడో రోజుకు ఆకుపచ్చగా, ఐదో రోజుకు ఆవపిండి కలిపినట్టు పసుపుగా మారాలి. నెలన్నర దాటాక తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ కొన్ని రోజులకు ఒకసారి వెళ్లినా, మలం మెత్తగా ఉంటే కంగారు అక్కర్లేదు.

• బరువు: మొదటి రోజుల్లో పుట్టిన బరువులో 7 శాతం వరకు తగ్గడం మామూలే. 10 శాతం దగ్గరకు వస్తే డాక్టర్ చూడాలి. పది పద్నాలుగు రోజులకు పుట్టిన బరువుకు తిరిగి రావాలి. ఆ తర్వాత మొదటి మూడు నెలలు రోజుకు సుమారు 25 నుంచి 30 గ్రాములు పెరగాలి.

• పాలు తాగే తీరు: రోజుకు 8 నుంచి 12 సార్లు తాగాలి. మొదట గబగబా చీకి, పాలు చేపాక నెమ్మదిగా, లోతుగా చీకుతూ మింగుతున్న చప్పుడు వినిపించాలి.

కాన్పు అయ్యి ఇంటికి వచ్చాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. బిడ్డను తూచమని అడగండి. తను రాకపోతే దగ్గరలోని అంగన్‌వాడీలోనో, పీహెచ్‌సీలోనో, బస్తీ దవాఖానాలోనో తూకం వేయించండి. ప్రతిసారీ ఒకే తూకం మీద, బట్టలు లేకుండా తూస్తే లెక్క సరిగ్గా తెలుస్తుంది.

సాయంత్రం పూట బిడ్డ గంటకోసారి, ఒక్కోసారి వదలకుండా తాగడం కూడా మామూలే. రెండు మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు ఇలా ఎక్కువ చేస్తుంటారు. రెండు మూడు రోజులు అడిగినప్పుడల్లా ఇస్తే పాలు వాటంతటవే పెరుగుతాయి. సరిగ్గా ఈ రోజుల్లోనే "పాలు ఎండిపోయాయి" అని డబ్బా మొదలుపెట్టే ఇళ్లు ఎక్కువ.

సగం సమస్యలకు మూలం: బిడ్డ నోటి పట్టు

చనుమొన పగలడం, రొమ్ము గట్టిపడటం, బిడ్డ కడుపు నిండకపోవడం — ఈ మూడింటికీ ఎక్కువసార్లు కారణం ఒక్కటే. బిడ్డ చనుమొన చివర మాత్రమే పట్టుకుని చీకడం. పాలు సాఫీగా రావాలంటే చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి.

ఇలా పట్టించండి. ముందు తల్లి వీపుకు ఆనుకుని సుఖంగా కూర్చోవాలి. బిడ్డ మీదికి వంగకుండా బిడ్డనే రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలి. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనాలి. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండాలి. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండాలి. చనుమొనతో పై పెదవిని తాకిస్తే నోరు పెద్దగా తెరుస్తాడు. అప్పుడే గడ్డం ముందుగా ఆనేలా దగ్గరికి లాక్కోవాలి.

పట్టు బాగుంటే నోరు పెద్దగా తెరిచి ఉంటుంది, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది, గడ్డం రొమ్ముకు ఆని ఉంటుంది. నల్లటి భాగం కింద కన్నా పైన ఎక్కువ కనిపిస్తుంది. బుగ్గలు లోపలికి పోవు. మొదటి కొన్ని క్షణాలు కాస్త గుంజినట్టు ఉండొచ్చు కానీ పాలు తాగుతున్నంతసేపూ నొప్పి ఉంటే పట్టు తప్పినట్టే. బిడ్డ నోటి మూలలోకి శుభ్రమైన వేలు పెట్టి పట్టు విడిపించి మళ్లీ పెట్టండి. లాగేస్తే చనుమొన ఇంకా దెబ్బ తింటుంది.

చనుమొనలు పగిలితే

ముందు పట్టు సరిచేసుకోవాలి, లేకపోతే ఏ మందూ పనిచేయదు. పాలు ఇచ్చాక రెండు చుక్కలు పిండి చనుమొనకు రాసి గాలికి ఆరనివ్వండి. సబ్బు, డెట్టాల్, స్పిరిట్ రాయొద్దు. నొప్పి తక్కువగా ఉన్న వైపు ముందు ఇవ్వండి. రెండు వైపులా భరించలేనంత నొప్పిగా ఉంటే ఒకటి రెండు రోజులు పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు.

పట్టు బాగున్నా పాలిచ్చాక కూడా మంట తగ్గకపోతే, బిడ్డ నాలుక మీద, బుగ్గల లోపల తుడిచినా పోని తెల్లటి పూత ఉంటే ఫంగస్ కావచ్చు. తల్లికీ బిడ్డకూ కలిపి మందు వాడాలి. ఒక్కరికే వాడితే మళ్లీ మళ్లీ వస్తుంది. నాలుక కింద పొర బిగుతుగా ఉండి నాలుక బయటికి రాకపోయినా పట్టు కుదరదు. పిల్లల డాక్టర్ చూసి అవసరమైతే చిన్న కోతతో సరిచేస్తారు.

చనుమొన లోపలికి ఉంటే

"మొన లేదు, పాలివ్వలేదు" అని తీర్పు చెప్పేయకండి. బిడ్డ పట్టుకునేది చనుమొన ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న భాగం కూడా. కాబట్టి ఇలాంటి తల్లులు చాలామంది పాలివ్వగలరు. పాలిచ్చే ముందు వేళ్లతో నెమ్మదిగా తిప్పి మొనను బయటికి తేవచ్చు.

మన దవాఖానాల్లో నర్సులు నేర్పే సిరంజి పద్ధతి కూడా ఉంది. కొత్త 10 మిల్లీలీటర్ల సిరంజిలో సూది తగిలించే వైపు కోసేసి, పిస్టన్‌ను ఆ కోసిన వైపు నుంచి ఎక్కిస్తారు. నున్నగా ఉన్న రెండో వైపును చనుమొన మీద పెట్టి పిస్టన్‌ను నెమ్మదిగా లాగి అర నిమిషం నుంచి ఒక నిమిషం ఉంచుతారు. ప్రతిసారీ పాలిచ్చే ముందు ఇలా చేసి వెంటనే బిడ్డను పెట్టాలి. నొప్పి వచ్చేంత లాగకూడదు. మొదటిసారి నర్సు దగ్గరే నేర్చుకోండి.

రొమ్ము రాయిలా గట్టిపడితే, గడ్డ తేలితే

మూడో రోజు నుంచి ఐదో రోజు లోపు పాలు ఒక్కసారిగా దిగినప్పుడు రొమ్ములు బిగుసుకుపోయి, చనుమొన చదునై, బిడ్డకు పట్టు దొరకదు. పాలిచ్చే ముందు కాసేపు గోరువెచ్చటి గుడ్డ పెట్టండి. చనుమొన చుట్టూ వేళ్లతో నెమ్మదిగా ఒక నిమిషం నొక్కి ఉంచితే ఆ చోటు మెత్తబడుతుంది. కొంచెం పాలు పిండి బిడ్డను పెట్టండి. ఇచ్చాక చల్లటి గుడ్డతో కాపడం పెడితే వాపు, నొప్పి తగ్గుతాయి. నొప్పి ఎక్కువగా ఉంటే పారాసిటమాల్ వేసుకోవచ్చు, పాలిచ్చే తల్లికి ఇబ్బంది లేదు.

ఒకచోట గడ్డలా తేలి ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే రొమ్ము వాచిందని అర్థం. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, "చెడిపోయిన పాలు" అని ఆ వైపు ఇవ్వడం మానేయడం. ఆపేస్తే పాలు లోపలే నిలిచిపోయి చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆ పాలు బిడ్డకు హాని చేయవు. ఎప్పటిలాగే పాలివ్వండి, చల్లటి కాపడం పెట్టండి, విశ్రాంతి తీసుకోండి. గట్టిగా పిసికి మర్దన చేయించొద్దు, దానితో వాపు పెరుగుతుంది. ఒక రోజులో తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. యాంటీబయోటిక్ రాస్తే పూర్తిగా వాడాలి. పాలిచ్చేవాళ్లకు సరిపడే మందులు ఉంటాయి, "పాలిస్తున్నాను" అని ముందే చెప్పండి. చీము గడ్డ అయితే డాక్టరే తీయాలి, ఇంట్లో పిండొద్దు.

సిజేరియన్ అయితే

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లే. అంటే మన ఇళ్లలో చాలామంది బాలింతలు కుట్ల నొప్పితోనే పాలివ్వడం మొదలుపెడుతున్నారు.

నడుముకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేస్తే తల్లి మెలకువగానే ఉంటుంది కాబట్టి ఆపరేషన్ గదిలోనో, బయటికి రాగానేనో బిడ్డను గుండెల మీద పడుకోబెట్టమని ముందే అడగండి. కుట్ల మీద బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకుని ఇవ్వొచ్చు. లేదా బిడ్డను చంక కింద దిండు మీద పెట్టుకుని, కాళ్లు వెనక్కి ఉండేలా పట్టుకుని ఇవ్వొచ్చు. బిడ్డను ఎత్తి అందించడానికి మొదటి రెండు మూడు రోజులు రాత్రి పూట కూడా తోడు మనిషి ఉండాలి. బిడ్డను ఐసీయూలో పెడితే మొదటి ఆరు గంటల్లోనే చేత్తో పాలు పిండటం మొదలుపెట్టి, రోజుకు ఎనిమిది సార్లయినా పిండాలి.

బిడ్డ నిద్రపోతూనే ఉంటే, పచ్చగా మారితే

మొదటి వారాల్లో కొందరు పిల్లలు ఆకలేసినా లేవరు. "బుద్ధిమంతుడు, ఏడవడు" అని వదిలేయొద్దు. బరువు సరిగ్గా పెరిగేదాకా పగలు రెండు మూడు గంటలకోసారి, రాత్రి నాలుగు గంటలకు మించకుండా లేపి పట్టాలి. బట్టలు వదులు చేసి, అరికాలు రాసి, గుండెలకు ఒంటికి ఒళ్లు ఆనించి పెట్టుకుంటే లేస్తారు.

రెండో మూడో రోజు కొంచెం కామెర్లు రావడం మామూలే. తరచుగా పాలిస్తే విరేచనం ద్వారా అవి తగ్గుతాయి. నీళ్లు, గ్లూకోజ్ పట్టడం వల్ల ఉపయోగం లేదు. ఎండలో పెట్టడం వైద్యం కాదు. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులు అరికాళ్లదాకా పసుపు వచ్చినా, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోయినా అదే రోజు దవాఖానాకు తీసుకెళ్లాలి.

నిజంగానే పాలు తక్కువైతే

లెక్కలన్నీ చూశాక బరువు పెరగడం లేదని తేలితే కారణం వెతకాలి. థైరాయిడ్, పీసీఓడీ, కాన్పులో రక్తం ఎక్కువగా పోవడం, మాయ ముక్క లోపల మిగిలిపోవడం, రొమ్ముకు పాత ఆపరేషన్, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు — వీటివల్ల పాలు తగ్గొచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. పాలిచ్చే రోజుల్లో కాపర్-టీ లేదా ప్రొజెస్టెరాన్ రకం మాత్రల గురించి డాక్టర్‌ను అడగొచ్చు.

పాలు పెంచడానికి చేయాల్సింది ఇది: రోజుకు పదిసార్లయినా రెండు వైపులా ఇవ్వండి. రాత్రి పూట తప్పకుండా ఇవ్వండి. బిడ్డ తాగాక ఐదు పది నిమిషాలు పాలు పిండండి. పాలపీక పక్కన పెట్టండి. పిండిన పాలు ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టండి. మూడు నాలుగు రోజుల్లో తేడా కనిపించాలి. పాలు పెరగడానికి మాత్రలు, పొడులు డాక్టర్ చెప్పకుండా వాడొద్దు.

కొన్నిసార్లు డబ్బా పాలు తప్పనిసరి అవుతాయి. అందులో తల్లి తప్పేమీ లేదు. బిడ్డ ఆకలితో ఉండటం కన్నా అదే మేలు. అయితే డాక్టర్ చెప్పినంతే, తల్లిపాలు ఇచ్చాకే ఇవ్వండి. నీళ్లు మరిగించి, ఇంకా బాగా వేడిగా ఉన్నప్పుడే డబ్బా మీద రాసిన కొలత ప్రకారం పొడి కలిపి, గోరువెచ్చగా చల్లార్చి పట్టాలి. డబ్బు కలిసొస్తుందని నీళ్లు ఎక్కువ కలిపితే బిడ్డ బలహీనపడతాడు. మిగిలినవి పారేయాలి. ఏడాది లోపు పిల్లలకు నీళ్లు కలిపిన ఆవుపాలు, బర్రెపాలు తల్లిపాలకు బదులుగా పనికిరావు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. రెండేళ్లలోపు పిల్లల పాలడబ్బాలకు ప్రకటనలు ఇవ్వడం, తల్లులకు ఉచిత శాంపిళ్లు పంచడం మన దేశంలో 1992 చట్టం ప్రకారం నేరం. ఎవరైనా ఉచితంగా డబ్బా చేతిలో పెడితే ఎందుకు ఇస్తున్నారో ఆలోచించండి.

తహ్నీక్, ఘుట్టీ, తేనె, నీళ్లు

తహ్నీక్ చేయాలనుకునేవాళ్లు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. చేసే పెద్దవాళ్లకు జలుబు, దగ్గు, నోటి పుండ్లు ఉండకూడదు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మెత్తగా చేసిన ఖర్జూరం వేలి కొనకు అంటినంత మాత్రమే అంగిలికి రాయాలి, ముక్కలు ఉండకూడదు. దానికోసం ఎవరో వచ్చేదాకా మొదటి పాలు ఆపకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, ఐసీయూలో ఉన్న బిడ్డ విషయంలో డాక్టర్‌ను అడిగాకే.

తేనె మాత్రం ఏడాది నిండేదాకా వద్దు. తేనెలో ఉండే ఒక రకం క్రిమి పసిపిల్లల పేగుల్లో పెరిగి ఒళ్లు చచ్చుబడేలా చేయగలదు. ఘుట్టీ, గ్రైప్ వాటర్, చక్కెర నీళ్లు, జమ్ జమ్ నీళ్లు కూడా బిడ్డ ఆకలిని చంపి పాలు తాగడం తగ్గిస్తాయి. మే నెల ఎండలో కూడా ఆరు నెలల లోపు బిడ్డకు విడిగా నీళ్లు అక్కర్లేదు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే.

బాలింత తిండి

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు సుమారు 600 క్యాలరీలు ఎక్కువ కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. అంటే ఇంకో పూట భోజనం. చిల్లా నలభై రోజులూ కారం అన్నం, రొట్టె మాత్రమే పెట్టి కూరగాయలు, పండ్లు, పెరుగు ఆపడం తల్లికి నష్టం. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని ఆపడం ఇంకా నష్టం. దాహం తీరేదాకా తాగాలి. పప్పు, గుడ్డు, మాంసం, చేప, ఆకుకూరలు, పాలు అన్నీ తినొచ్చు. హరీరా, గోంద్ లడ్డూ బలానికి మంచివే కానీ పాలు పెంచేది ముందుగా బిడ్డ చీకడమే. దవాఖానాలో ఇచ్చిన ఐరన్, కాల్షియం మాత్రలు మానొద్దు.

రంజాన్ వస్తే

పాలిచ్చే తల్లికి రోజా వల్ల తనకో బిడ్డకో హాని అన్న భయం ఉంటే వదిలే సౌలభ్యం షరీఅత్‌లో ఉంది. హనఫీ మస్‌లక్ ప్రకారం తర్వాత వీలైనప్పుడు ఖజా పెట్టుకోవాలి. బిడ్డ తల్లిపాల మీదే ఉన్న మొదటి ఆరు నెలల్లో ఈ సౌలభ్యం వాడుకోవడానికి మొహమాటపడొద్దు. రోజా ఉంటున్నవాళ్లు ఇఫ్తార్ నుంచి సహర్ దాకా బాగా నీళ్లు తాగాలి. కళ్లు తిరిగినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, బిడ్డ మూత్రం లెక్క తగ్గినా రోజా విషయంలో డాక్టర్‌ను, ఆలిమ్‌ను అడగండి. పాలిస్తే, పాలు కారితే వుజూ పోతుందా అని చాలామంది అడుగుతారు. పోదు.

దాత పాలు, రిజాఅత్

నెలలు నిండని బిడ్డలకు, తల్లి దగ్గర పాలు లేని బిడ్డలకు ఇచ్చేందుకు హైదరాబాద్ నీలోఫర్ దవాఖానాలో తల్లిపాల బ్యాంకు ఉంది. దానంగా వచ్చిన పాలను పరీక్షించి, వేడిచేసి క్రిములు చంపి ఇస్తారు. మన కుటుంబాలకు ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. రెండేళ్ల లోపు వేరే తల్లి పాలు తాగితే రిజాఅత్ బంధం ఏర్పడుతుంది, ఆ తల్లి పిల్లలతో నికాహ్ కుదరదు. ఎన్నిసార్లు తాగితే అన్నదానిపై మజ్‌హబ్‌ల మధ్య తేడా ఉంది. ఎవరి పాలో తెలియని పాలబ్యాంకుల విషయంలో కూడా ఉలమాలలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. పిల్లల డాక్టర్ అవసరం అంటే, నమ్మకమైన ముఫ్తీని అదే రోజు ఫోన్‌లో అడిగి నిర్ణయం తీసుకోండి. బిడ్డ ప్రాణం మీదికి వచ్చిందని డాక్టర్ చెబితే ఆ సంగతి కూడా ఆయనకు చెప్పండి. ఇంట్లో పిన్నమ్మో, అత్తో పాలిస్తే ఎవరు ఎవరికి ఇచ్చారో రాసిపెట్టుకోండి.

మళ్లీ పనికి వెళ్లేవాళ్లకు

మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టంలో ఉంది. సెలవు అయ్యాక శుభ్రంగా కడిగిన చేతులతో, మూత ఉన్న స్టీలు గిన్నెలో పాలు పిండి పెట్టొచ్చు. చల్లటి గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో లోపలి వైపు నాలుగు రోజుల వరకు నిలుస్తాయి. మన ఎండాకాలంలో బయట ఉంచకుండా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది. స్టవ్ మీద కాచొద్దు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేయండి.

ఇంటివాళ్లు చేయాల్సింది

పాలు రావడానికి తల్లికి ప్రశాంతత కావాలి. ఛఠీకి, అఖీఖాకు వచ్చిన చుట్టాలతో గది నిండిపోతే బాలింత సిగ్గుపడి పాలివ్వడం వాయిదా వేస్తుంది. ఆమెకు తలుపు వేసుకునే ఒక చోటు ఇవ్వండి. "నీకు పాలు లేవు" అని ఆమె ముందు అనొద్దు. పాలు తగ్గితే నజర్ తగిలిందంటారు. దుఆ చేసుకోండి, దానితో పాటు బిడ్డ పట్టు, తూకం కూడా చూడండి. పాలిచ్చే తల్లి తిండి, బట్ట తండ్రి బాధ్యత అని ముందు చెప్పిన ఆయత్‌లోనే ఉంది. రాత్రి బిడ్డను ఎత్తి అందించడం, త్రేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం తండ్రి చేయగల పనులే.

మొదటి వారం రెండు వారాలు ఊరికే ఏడుపు రావడం చాలామంది తల్లులకు ఉంటుంది. అది రెండు వారాలు దాటినా, నిద్ర పట్టకపోయినా, బిడ్డ మీద మనసు పోకపోయినా, బతకాలని లేదన్నా నాటకం అనుకోకండి. అది జబ్బు, వైద్యం ఉంది. 14416 టెలీ మానస్‌కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

వెంటనే దవాఖానాకు వెళ్లాల్సిన గుర్తులు

బిడ్డకు:
• పాలు అసలు పట్టకపోవడం, లేపినా లేవకపోవడం
• ఎనిమిది గంటలు దాటినా మూత్రం పోయకపోవడం, మాడు లోపలికి పోవడం
• రెండు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు, ఆపైన జ్వరం, లేదా ఒళ్లు చల్లబడటం
• నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి, డొక్కలు ఎగరేయడం
• ఫిట్స్, పచ్చటి వాంతి, అరికాళ్ల దాకా కామెర్లు

తల్లికి:
• రొమ్ము ఎర్రబడి జ్వరం ఒక రోజు దాటినా తగ్గకపోవడం
• రక్తస్రావం ఎక్కువ కావడం, దుర్వాసన
• తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం

వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మామూలు ఇబ్బంది అయితే మాత్రం డబ్బా కొనే ముందు ఒక రోజు బిడ్డ మూత్రం లెక్క రాసి, మరునాడు తూకం వేయించి, ఆ కాగితంతో నర్సునో డాక్టర్‌నో కలవండి.